బస్తాకు 27,720 కాయలు! గ.సా.భా.లో చిన్న ఘాతమే ఎందుకు?

కొబ్బరితోట (అంబాజీపేట) · శుక్రవారం రాత్రి 8:40

లెక్క మా ఇంట్లోది, చెప్పలేక నోరు వెళ్ళబెట్టినవాణ్ణి నేను. కాస్త ఆదుకోండి.

మొన్న తోటలో దింపు తీయించాను. ఏరించగా పెద్ద కాయలు 1,260, చిన్న కాయలు 1,848 తేలాయి. రెండు రకాలూ ఒకే సంచిలో కలపకూడదు. అన్ని సంచుల్లోనూ కాయల లెక్క ఒకటే ఉండాలి. ఒక్క కాయ కూడా మిగలకూడదు. సంచులు వీలైనంత తక్కువ పడితే నాకు డబ్బు మిగులుతుంది.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి పక్కనే ఉండి, ‘నాన్నా, ఇది గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) లెక్క, నేను చేస్తాను’ అంది. సంతోషించాను. ఇలా విడగొట్టింది:

1260 = 2 × 2 × 3 × 3 × 5 × 7
1848 = 2 × 2 × 2 × 3 × 7 × 11

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత 2 మూడుసార్లు, 3 రెండుసార్లు, 5, 7, 11 ఒక్కోసారి తీసుకుని గుణించి, సంచికి 27,720 కాయలు వేయమంది. ‘ఒక్కో అంకె రెండింటిలో ఎన్నేసిసార్లు ఉందో (అదే ఘాతం) చూసి, చిన్న ఘాతం తీసుకోవాలమ్మా’ అన్నాను. ‘పేరులోనే గరిష్ఠ అని ఉంటే చిన్నది ఎందుకు తీసుకుంటాం?’ అని అడిగింది. సూత్రం నాకు గుర్తుంది కానీ కారణం తెలియదని అప్పుడే తెలిసింది. అన్నం తినడానికి పిలుస్తున్నారని లేచి వచ్చేశాను. నిజానికి ఎవరూ పిలవలేదు.

రావులపాలెం గెలలు · రాత్రి 8:58

ముందుగా ఆ సంచి మోసేవాడికి ఒక దండం. మీ దగ్గర ఉన్నవే మొత్తం 3,108 కాయలు. మిగతా సంచిని మా అరటి గెలలతో నింపుతారా?

నేను చేస్తే ఇలా వచ్చింది. రెండు సంఖ్యల్లోనూ ఉన్న ప్రధానాంకాలు 2, 3, 7. గుణిస్తే 42. సంచికి 42 కాయలు, ఒక్కటీ మిగలదు. ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ ఎందుకండీ?

గట్టు మీద మాస్టారు (అమలాపురం) · రాత్రి 9:25

గెలల వారూ, తొందరపడ్డారు. 42 రెండింటినీ భాగిస్తుంది, నిజమే. అంటే అది సామాన్య కారణాంకం. కానీ అన్నిటికన్నా పెద్దది కాదు. రెండింటిలోనూ 2 కనీసం రెండుసార్లు ఉంది. మీరు ఒక్కసారి తీసుకుని రెండోదాన్ని వదిలేశారు. దాన్ని కూడా తీసుకోండి: 2 × 2 × 3 × 7 = 84. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పాను. పరీక్ష పేపర్లలో నాకు ఎక్కువగా కనబడిన తప్పు మీదే. అమ్మాయి చేసిన తప్పు రెండో స్థానంలో ఉంటుంది.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్న. అది చాలా మంచి ప్రశ్న, మీరు అన్నం పేరు చెప్పి లేచిపోవలసింది కాదు.

‘గరిష్ఠ’ అనే మాట ఘాతాల గురించి చెప్పినది కాదు, చివర వచ్చే భాజకం గురించి చెప్పినది. 1260ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఏదైనా, దానిలో ఉన్న 2లు, 3లు అన్నీ 1260లో ఉన్నవే అయి ఉండాలి. బయటి నుంచి తెచ్చుకోవడానికి వీల్లేదు. 1260లో 2లు రెండే ఉన్నాయి. మూడు 2లు ఉన్న సంఖ్య, అంటే 8 గుణిజం ఏదీ 1260ని భాగించలేదు. చేసి చూడండి, 1260ని 8తో భాగిస్తే 4 శేషం వస్తుంది. 1848లో మూడు ఉండవచ్చు గాక, రెండింటికీ పనికిరావాలంటే తక్కువ ఉన్నవాడి దగ్గర ఎన్ని ఉన్నాయో అన్నే తీసుకోగలం. అలా ఒక్కో ప్రధానాంకం దగ్గరా, తీసుకోగలిగినంతా వదలకుండా తీసుకుంటే వచ్చేదే గరిష్ఠం.

చెబితే అర్థం కాదు, చేయించండి. రెండు పళ్ళేలు పెట్టండి. 2కి చింతపిక్క, 3కి శనగ గింజ, 5కి పెసర గింజ, 7కి కుంకుడు గింజ, 11కి ఒక గవ్వ. 1260 పళ్ళెంలో ఏవేవి ఉండాలో, 1848 పళ్ళెంలో ఏవేవి ఉండాలో అమ్మాయి చేతనే వేయించండి. ఆ తర్వాత ఈ పళ్ళెం నుంచి ఒక గింజ, ఆ పళ్ళెం నుంచి అదే రకం గింజ జతగా తీసి పక్కన పెట్టమనండి. జత దొరకనివి పళ్ళెంలోనే ఉండిపోతాయి. ఎన్ని జతలు కుదిరాయో చూసి, జతకు ఒక అంకె చొప్పున గుణించాలి. మీరేమీ చెప్పకండి.

డీఎస్సీ దారిలో (పాలకొల్లు) · రాత్రి 10:02

మాస్టారూ, ఒక సందేహం. మా అమ్మ గ.సా.కా. అంటుంది, నా పుస్తకంలో గ.సా.భా. అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

గట్టు మీద మాస్టారు · రాత్రి 10:10

సామాన్య కారణాంకమన్నా సామాన్య భాజకమన్నా ఒకటేనమ్మా. మీ ప్రశ్నపత్రంలో ఏది ఉంటే అది రాయండి. దీని మీద ఉపాధ్యాయుల గదుల్లో జరిగిన వాదనలకు వెచ్చించిన సమయంలో ఇంకో రెండు అధ్యాయాలు చెప్పేవాళ్ళం.

చేపల చెరువు (భీమవరం) · రాత్రి 10:31

మీరంతా కారణాంకాల చెట్టు ఎక్కి కూర్చున్నారు. దిగండి. నేను పెద్ద దాన్ని చిన్న దానితో భాగించి, శేషంతో మళ్ళీ భాగిస్తూ పోతాను:

1848 = 1260 × 1 + 588
1260 = 588 × 2 + 84
588 = 84 × 7 + 0

అయిపోయింది. 84. ప్రధానాంకాల జోలికే పోలేదు. యూక్లిడ్ రెండువేల ఏళ్ళ కిందటే చెప్పిన దారి ఉండగా పిల్లలతో చింతపిక్కలు ఏరించడం ఎందుకో నాకు అర్థం కాదు.

గట్టు మీద మాస్టారు · రాత్రి 10:48

జవాబు కావాలంటే మీ దారే మేలు. అమ్మాయి అడిగినది మాత్రం జవాబు కాదు, కారణం. 84 ఎక్కడి నుంచి వచ్చిందో మీ మూడు వరుసలు చెప్పవు. పళ్ళెం చెబుతుంది.

లస్కరు గారి అబ్బాయి (ధవళేశ్వరం) · శనివారం ఉదయం 6:15

రాత్రి ఇది చదివి నిద్ర పట్టలేదు. మన గోదావరి బ్యారేజీ నాలుగు ముక్కలు కదా. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మొత్తం 175. (ఇది కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన పాత ఆనకట్ట సంగతి కాదు, తర్వాత వచ్చిన బ్యారేజీది.) ఊరికే ఒక ఊహ: గేట్లకు రంగు వేసే జట్లను పెట్టి, ఒక్కో జట్టుకు సమానంగా గేట్లు ఇవ్వాలి, ఒక జట్టు రెండు ముక్కల్లో పని చేయకూడదు అనుకున్నాను. జట్టుకు ఎన్ని గేట్లు ఇవ్వగలను?

70 = 2 × 5 × 7
43 = ప్రధానాంకమే
23 = ప్రధానాంకమే
39 = 3 × 13

నాలుగింటికీ కలిసిన అంకె ఒక్కటీ కనబడలేదు. చెమట పట్టింది. తప్పు చేశానా?

డీఎస్సీ దారిలో · ఉదయం 7:05

తప్పు లేదండీ, గ.సా.భా. 1. జట్టుకు ఒక గేటే, 175 జట్లు కావాలి. ఒక్క ప్రధానాంకం కూడా ఉమ్మడిగా లేనప్పుడు చాలామంది 0 అని రాస్తారు. నేను కూడా ఒక నమూనా పరీక్షలో అలా రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాను. ఏ సంఖ్యనైనా 1 భాగిస్తుంది కాబట్టి అది ఎప్పుడూ ఉంటుంది. 1 ప్రధానాంకం కాదు కనుక విడగొట్టినప్పుడు వరుసలో కనబడదు, అంతే.

పైగా మీ నాలుగు సంఖ్యల్లో ఏ రెండు తీసుకున్నా 1 మాత్రమే వస్తుంది. మాస్టారూ, అన్నీ కలిపి చూస్తే 1 వచ్చి, రెండేసి చూస్తే 1 రాని సంఖ్యలు కూడా ఉంటాయా?

గట్టు మీద మాస్టారు · ఉదయం 7:40

భేషుగ్గా ఉంటాయి. 6, 10, 15 తీసుకోండి. 6కీ 10కీ 2 ఉమ్మడి, 10కీ 15కీ 5 ఉమ్మడి, 6కీ 15కీ 3 ఉమ్మడి. మూడింటికీ ఉమ్మడి ఏదీ లేదు. ముగ్గురు అన్నదమ్ములలో ఏ ఇద్దరైనా కలిసి ఒక పొలం కొన్నారు కానీ ముగ్గురి పేరా ఒక్క సెంటు లేదన్నమాట.

మీరు డీఎస్సీకి చదువుతున్నారు కాబట్టి ఇంకో మాట. ‘గ.సా.భా., క.సా.గు.ల (కనిష్ఠ సామాన్య గుణిజం) లబ్ధం ఆ సంఖ్యల లబ్ధానికి సమానం’ అనేది రెండు సంఖ్యలకే. 6, 10, 15కి క.సా.గు. 30, గ.సా.భా. 1, వాటి లబ్ధం 30. మూడు సంఖ్యలనూ గుణిస్తే 900. ఈ వలలో మంచి మంచి విద్యార్థులు పడతారు.

ఇక తోట వారి అమ్మాయి చేసిన 27,720 వృథా పోలేదు. అది ఆ రెండు సంఖ్యల క.సా.గు. పెద్ద ఘాతాలు తీసుకుంటే వచ్చేది అదే. భిన్నాలు కూడేటప్పుడు కావలసింది అది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు దాన్ని ‘నిరుద్ధం’ అన్నాడు. ఆయన సంస్కృత గణిత గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలు, ఛందస్సు రెండూ కుదరాలి. ఆ కష్టం తలచుకుంటే పళ్ళెంలో గింజలు వేయడం ఎంత!

కొబ్బరితోట · మధ్యాహ్నం 12:20

చేశాం మాస్టారూ. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

వీధి అరుగు మీద రెండు ఇత్తడి పళ్ళేలు పెట్టాం. కుంకుడు గింజలు దొరక్క 7కి వేపపండ్లు వేశాం. అమ్మాయి ఒక పళ్ళెంలో చింతపిక్కలు రెండు, శనగలు రెండు, పెసర ఒకటి, వేపపండు ఒకటి వేసింది. రెండో దానిలో చింతపిక్కలు మూడు, శనగ ఒకటి, వేపపండు ఒకటి, గవ్వ ఒకటి. జతలు తీస్తోంది. ఇంతలో మా పెట్ట అరుగెక్కి 1848 పళ్ళెంలో ఉన్న ఒకే ఒక్క శనగను ముక్కున కరుచుకుని దూకేసింది. మా అమ్మాయి చూసుకోలేదు. జతలు కట్టి, 2 × 2 × 7 = 28 అని రాసింది. నాకు మాత్రం కోడి సంగతి తెలుసు, మీరు చెప్పవద్దన్నారని ఊరుకున్నాను.

ఊరుకున్నందుకు ఫలితం దక్కింది. తానే కాగితం చూసుకుని, శనగ ఏదని అడిగింది. కోడి తినేసిందన్నాను. కాసేపు పళ్ళేల వైపు చూసి, ‘నాన్నా, అది ఈ 1260 పళ్ళెంలోంచి ఒక శనగ తిన్నా నాకు 84 వచ్చేది కదా’ అంది. ఎందుకని అడిగితే, ‘ఇక్కడ రెండు ఉన్నాయి, ఒకదానికి జతే లేదు, పోతే పోనీ’ అంది. నేను లోపలికి వెళ్ళి లెక్క కట్టాను. 420కీ 1848కీ చేశాను, 84 వచ్చింది. 1260కీ 616కీ చేశాను, 28 వచ్చింది.

ఇన్నాళ్ళూ ‘చిన్న ఘాతం’ అని నేను బట్టీ పట్టింది ఇదన్నమాట. ఎక్కువ ఉన్నచోట మిగిలినది ఉన్నా పోయినా ఒకటే.

రావులపాలెం గెలలు · మధ్యాహ్నం 12:31

ఆ కోడికి ఆదివారం వేరే కార్యక్రమం ఏదీ పెట్టకండి. గురువు లాంటిది.

గట్టు మీద మాస్టారు · మధ్యాహ్నం 1:15

ముప్పై మూడేళ్ళలో నాకు ఈ ఉపాయం తట్టలేదు. ఒక గింజ తీసేసి, జవాబు మారుతుందా మారదా అని అడగడం. ఇంకా క్లాసులుంటే రేపే వాడేవాణ్ణి.

గోదారి అలలు (నరసాపురం) · సాయంత్రం 4:50

సందర్భం వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. మా బాబు పరీక్షలో ఇదే లెక్కను చేపల చెరువు గారు చెప్పిన శేషాల పద్ధతిలో చేశాడు. జవాబు సరిగ్గా వచ్చింది. సున్నా వేశారు. బడి పేరు చెప్పను కానీ మనసు చివుక్కుమంది. సరైన జవాబుకు సున్నా న్యాయమేనా?

గట్టు మీద మాస్టారు · సాయంత్రం 5:30

ప్రశ్న ఎలా ఉందో చూడండి. ‘ప్రధాన కారణాంకాల పద్ధతిలో’ అని అడిగి ఉంటే మార్కులు తగ్గించే హక్కు వారికి ఉంది. అయినా సున్నా వేయడం నాకు నచ్చదు. ఆ పేపరు నా చేతికి వచ్చి ఉంటే సగం మార్కులు వేసి, పక్కన ‘ఇది ఎలా వచ్చిందో నాకు వచ్చి చెప్పు’ అని రాసేవాణ్ణి.

చేపల చెరువు · రాత్రి 8:05

కోడి కథ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ గింజల వాళ్ళందరికీ నాదొక పరీక్ష. 8633, 9167. గ.సా.భా. చెప్పండి. చింతపిక్కలు ఎన్ని పడతాయో చూస్తాను.

డీఎస్సీ దారిలో · రాత్రి 9:12

గంట పట్టింది! 8633ని 2, 3, 5, 7, 11, 13… ఇలా ఒక్కో ప్రధానాంకంతో భాగిస్తూ పోయాను. 83 దాకా ఏదీ భాగించలేదు. అప్పటికి 23 ప్రధానాంకాలు అయ్యాయి. 24వది 89. అది భాగించింది: 8633 = 89 × 97. అప్పుడు 9167ని కూడా 89తో చూస్తే 89 × 103. జవాబు 89. మధ్యలో రెండుసార్లు ‘ఇదే ప్రధానాంకమేమో’ అనుకుని ఆపేయబోయాను.

చేపల చెరువు · రాత్రి 9:20

నాకు అర నిమిషం:

9167 − 8633 = 534
8633 = 534 × 16 + 89
534 = 89 × 6

సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

కంప్యూటర్ కుర్రాడు (తణుకు) · రాత్రి 10:40

ఈ తేడా మీదే ఇంటర్నెట్‌లో తాళాలు వేస్తున్నారండీ. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో రెండు భారీ ప్రధానాంకాలను గుణించి, ఆ లబ్ధాన్ని అందరికీ కనబడేలా పెడతారు. దాన్ని తిరిగి విడగొట్టడం కంప్యూటర్‌కు కూడా దుర్లభం. కానీ గ.సా.భా. కట్టడం, చెరువు గారు చెప్పిన పద్ధతిలో, క్షణాల పని. 2012లో పరిశోధకులు ఇంటర్నెట్ నుంచి అలాంటి లబ్ధాలను లక్షల సంఖ్యలో సేకరించి, ఒకదానితో ఒకటి గ.సా.భా. కట్టి చూశారు. అన్నీ 1 రావాలి. కొన్నిటికి రాలేదు! వేర్వేరు పరికరాలు తెలియకుండా ఒకే ప్రధానాంకాన్ని వాడుకున్నాయి. ఉమ్మడి అంకె బయటపడగానే రెండు తాళాలూ ఒకేసారి ఊడివచ్చాయి. 8633, 9167 కథే, కాకపోతే వందల అంకెలున్న సంఖ్యలు.

గట్టు మీద మాస్టారు · రాత్రి 10:55

బాబూ, ఇది నాకు కొత్త. చెరువు వారికి ఒక అడుగు వెనక్కి తగ్గుతున్నాను. అమ్మాయికి పళ్ళేలు, తాళాలకు యూక్లిడ్.

లస్కరు గారి అబ్బాయి · ఆదివారం ఉదయం 6:30

మా తమ్ముడు 1260ని 126 × 10 అని మొదలుపెట్టాడు, నేను 36 × 35 అని. చెట్లు వేరు, చివరి ఆకులు మాత్రం అవే వచ్చాయి. ప్రతిసారీ ఇలాగే వస్తుందా?

గట్టు మీద మాస్టారు · ఉదయం 7:10

ప్రతిసారీ. దాన్ని అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అంటారు, పదో తరగతిలో మొదటి పాఠం. గాస్ 1801లో దీన్ని స్పష్టంగా చెప్పి నిరూపించాడు. అది నిజం కాకపోతే తోట వారి పళ్ళెంలో ఏ గింజలు వేయాలో ఎవరూ చెప్పలేకపోయేవారు.

కొబ్బరితోట · ఉదయం 11:45

చివరి కబురు. సంచికి 84 లెక్కన పెద్దవి 15 సంచులు, చిన్నవి 22 సంచులు, మొత్తం 37 అని తేల్చుకుని 37 గోనె సంచులు తెచ్చాను. పెద్ద కాయలు ఎలా సర్దినా 84 పట్టలేదు. 70 దాటేసరికి మూతి కుట్టడానికి అంచు మిగలలేదు. అమ్మాయిని అడిగాను. జత కట్టిన గింజలు ముందు పెట్టుకుని, అందులోంచి ఒక చింతపిక్క తీసేసి, ‘42 వేయండి నాన్నా, జతల్లోవే కాబట్టి మిగలవు’ అంది. పెద్దవి 30, చిన్నవి 44. ఇప్పుడు 74 సంచులు కావాలి. ఇంకో 37 కోసం బజారుకు బయలుదేరుతున్నాను.

రావులపాలెం గెలలు · ఉదయం 11:52

నా 42!